రిపోర్టులో రెండో వాక్యం

అమ్మ నడుం ఎక్స్‌రే రిపోర్టులో రెండు వాక్యాలున్నాయి. వెన్నెముకలో ఒక పూస నలిగి కుంగిందని మొదటిది. పూసల ముందునుంచి దిగే పెద్ద రక్తనాళం గోడల్లో సున్నం పేరుకుందని రెండోది. సింధనూరులో ఎముకల డాక్టరు మొదటి వాక్యం చదివి బెల్టూ, కాల్షియం మాత్రలూ రాశాడు. రెండోదాన్ని నేనూ చదివాను. పుస్తకాలు చదివే అలవాటున్నదాన్ని. వయసుతో వచ్చేదేలే అనుకుని, మడిచి కవర్లో పెట్టేశాను.

ఆంధ్రనుంచి సింధనూరు పక్కన గోరేబాళకి వలస వచ్చినప్పటినుంచీ అమ్మ వంగి నాట్లు వేసింది. మావాళ్ళలో అరవై దాటిన ఆడవాళ్ళ నడుం వంగితే ఎవరూ ఆశ్చర్యపోరు. నాట్లేసిన నడుం కదా అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. కాలవ గట్టెక్కితే అమ్మకి ఆయాసం వచ్చేది. దాన్నీ నడుం మీదకే నెట్టేది.

ఆ రోజు డాక్టరు గది బయట బెంచీ మీద, ఆయాసం సంగతి కూడా చెప్పమ్మా అన్నాను.

"ఊరుకోవే. ఇది నడుం చీటీ. ఆయాసానికి వేరే చీటీ రాయించుకోవాలి. ఇందులో అది కలిపితే ఆయన కసురుకుంటాడు. వెనకాల ఎంతమంది ఉన్నారో చూడు."

లోపల ఆయన, "ఇంకేమైనా ఉందా?" అనడిగాడు.

"ఏం లేదండి," అంది అమ్మ. నేనూ ఊరుకున్నాను.

ఏడు నెలలకి గుండెపోటుతో పోయింది.

పెద్దకర్మ అయ్యాక ఆ ఫిల్మ్ తీసుకుని రాయచూరులో గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురుకెదురుగా పట్టుకుని, కుంగిన పూస ముందున్న సన్నటి తెల్లగీతని వేలితో చూపించాడు. ఎముకలు గుల్లబారినవాళ్ళలో నాళాలు సున్నం కట్టడం తరచు కనిపిస్తుందట. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదట.

"ఒకటి కనిపిస్తే రెండోదాన్ని కూడా పట్టించుకోవాలమ్మా."

"పట్టించుకునుంటే బతికేదా?"

"అది చెప్పలేను."

బతికేది కాదు అన్నా కొంత నయంగా ఉండేది.

పోయిన వారం పిన్నికి నడుం పట్టేసింది. అమ్మ చెల్లెలు, అవే మళ్ళల్లో నాట్లేసిన మనిషి. అదే డాక్టరు, అదే బెంచీ. నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయని బస్సులో నాతో చెప్పింది, డాక్టరు దగ్గర ఆ మాట ఎత్తొద్దని కూడా అంది. లోపల మాత్రం నడుం ఒక్కటే చెప్పి చీర కొంగు సర్దుకుంది.

"నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయట. ఎక్స్‌రేలో రక్తనాళం కూడా చూడండి," అన్నాను నేను.

"అది నేను చూసేది కాదమ్మా. వేరే చీటీ తీసుకోండి," అన్నాడాయన, తల ఎత్తకుండా.

బయటికొచ్చాక పిన్ని అందుకుంది. "నేను చెప్పలా? అంతమందిలో నా పరువు తీశావు. మీ అమ్మే నయం, నోరు మెదిపేది కాదు."

ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, రెండో చీటీ కోసం వరసలో నిలబడ్డాను.