ప్రాగ్‌లో ఒక్క పడవ టికెట్టు

ప్రాగ్ చూడాలని నేనెన్నడూ అనుకోలేదు. 2006 ఆగస్టులో మా ముదీర్, అంటే అబుదాబి ఆఫీసులో మా పెద్దాయన, కుటుంబంతో అక్కడికి వెళ్తూ టికెట్లూ కాగితాలూ చూసుకోవడానికి నన్ను వెంటబెట్టుకున్నారు. వంటకు సత్యవతమ్మ వచ్చింది. రాజోలు దగ్గరి మనిషి, ఆ ఇంట్లో అప్పటికే తొమ్మిదేళ్లుగా వండుతోంది. ప్రెషర్ కుక్కరూ బాస్మతి బియ్యమూ ఆమె పెట్టెలో ఉన్నాయి. ఆమె పాస్‌పోర్టు మాత్రం నా సంచిలో ఉంది.

మేం దిగిన అపార్ట్‌మెంటు నుంచి నదికి నాలుగు నిమిషాల నడక. వంటింటి కిటికీలోంచి మాత్రం ఎదురు గోడే కనిపిస్తుంది. మూడో రోజు పొద్దున్నే ఆమె నన్నడిగింది.

“బాబుగారూ, ఓ గంట మేడమ్‌ని అడగరా? ఏరు సూసొత్తానండి. కాళ్లు తడుపుకుంటే సాలు.”

“నువ్వే అడగొచ్చుగా, సత్యవతమ్మా?”

“నేనడిగితే పని ఎగ్గొట్టడానికంటారండి. మీరడిగితే కాదనరు.”

సరేనన్నాను. ఆ రోజు నాకు సెలవు. తొమ్మిదింటికి ఇరవై రెండో నంబరు ట్రామెక్కాను. టికెట్టు ఇరవై కొరునాలు, ఎక్కగానే మిషన్లో ముద్ర వేయించుకోవాలి. కోటంతా చూసి, మెట్లు దిగి పాత రాతి వంతెనకు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వంతెన మీద అడుగు వేయడానికి చోటు లేదు. అవతల సందులో ఒక చిన్న హోటలుంది. నేను మాంసం తిననని తెలిసి, వడ్డించే ముసలాయన జాలిపడి “చీజ్, చీజ్” అంటూ వేయించిన చీజు ముక్కా, ఉడికిన బంగాళాదుంపలూ తెచ్చాడు. నూట ముప్పై కొరునాలకు కడుపు నిండింది. తర్వాత రేవుకెళ్లి, ఆరింటి పడవకు భోజనంతో కలిపి ఒక టికెట్టు కొనుక్కున్నాను. ఒక్కటే.

బట్టలు మార్చుకుందామని ఐదింటికి వస్తే మేడమ్ తానే అడిగారు.

“రాత్రికి మేం బయట తింటాం. సత్యకు పని ఖలాస్. ఊరు చూస్తుందా?”

“ఆమెకు ఇష్టం లేదు, మేడమ్” అన్నాను.

వంటమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పడవ భోజనం చేయడం నామోషీ అనిపించింది. అంతకు మించి కారణమేమీ లేదు. నది బాగుంది, భోజనమూ ఫర్వాలేదు.

తిరుగు ప్రయాణంలో ముదీర్ కుటుంబం ముందు టాక్సీలో, మేమిద్దరం సామాన్లతో వెనక టాక్సీలో. వంతెన దాటుతుంటే సత్యవతమ్మ కుక్కరు సంచి ఒళ్లో పెట్టుకునే నదికి దణ్ణం పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా అంది.

“మేడమ్ నన్నూ అడిగారండి, ఎందుకెల్లలేదని. ఒంట్లో బాలేదు, నేనే వద్దన్నానని సెప్పానండి. మీ మాట పోకూడదు కదా.”

తిట్టినా బాగుండేది. ఆమె ఇప్పటికీ ఆ ఇంట్లోనే వండుతోంది. ముదీర్‌కు క్యారేజీ పంపినప్పుడల్లా నాకో డబ్బాలో గోంగూర పచ్చడి పెట్టి పంపుతుంది. తింటున్నంత సేపూ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ప్రాగ్ వెళ్లేవాళ్లకు ఒక సలహా: పడవ టికెట్లు ముందే కొననక్కర్లేదు. బయల్దేరే పది నిమిషాల ముందు కూడా రేవులో దొరుకుతాయి. ఆ సాయంత్రం నా ఎదుటి కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది.