కమాను చప్పుడు

2006 జూన్‌లో నన్ను కొత్తకోటకు సర్వీస్ ఇంజనీరుగా వేశారు. హోదా పేరు గంభీరంగానే ఉంటుంది గానీ, డీలరు వర్క్‌షాపు మెకానిక్కులకు పైన, కంపెనీ ఏరియా మేనేజరుకు కింద నలిగే పని అది. రైతుకు కోపం వస్తే కంపెనీ అంటే నేనే. కంపెనీకి కోపం వస్తే రైతును వెనకేసుకొచ్చేది కూడా నేనే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పట్లో అన్నీ పాలమూరు జిల్లాలోవే. ఆ మూడు వైపులా మా బండి ఎక్కడ మొరాయించినా నేనే పోవాలి.

ఆ ఏడే మా కంపెనీ ఒక చిన్న ట్రాక్టరు దించింది. పత్తి సాళ్ల మధ్య, మామిడి తోటల్లో తిరగడానికి చేసిన బండి. దానికి సీటు వెనక నుంచి మనిషి తలకంటే ఎత్తుగా లేచే ఇనుప కమాను ఒకటి ఉండేది. కంపెనీ భాషలో రోల్ బార్. బండి తిరగబడితే ఆ కమాను నేలకు ఆనుతుంది, బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి బండి కింద పడకుండా ఉంటాడు. మన వైపు అప్పటికి పెద్ద ట్రాక్టర్లకు కూడా అది కనిపించేది కాదు. ఎండకు గుడ్డ కట్టుకోవడానికి బాగుంటుందని చెప్పి మా డీలరు దాన్ని అమ్మేవాడు. అలా చెప్పొద్దని నేను ఆయనతో ఊరికే తగువు పడేవాణ్ణి.

వానాకాలం నడిమధ్య, అమరచింత పక్క పల్లె నుంచి ఖాజా అనే రైతు బస్సెక్కి వచ్చాడు. విత్తనపత్తి వేసేవాడు. బండి కొని అప్పటికి ఒక్క పంట కూడా చేతికి రాలేదు.

"సార్, కమాను లడలడ కొట్టుకుంటున్నది. గా సప్పుడుకు మా ఇంటామెకు తల పగులుతున్నదంట. మీరే వచ్చి తీసెయ్యిన్రి," అన్నాడు.

తీయడం కుదరదన్నాను. దానికి వెల్డింగ్ చేయడం, కొత్తగా రంధ్రాలు వేయడం కూడా కంపెనీ ఒప్పుకోదు. వేడి తగిలినచోట ఆ ఉక్కు బలం మారిపోతుంది, చూపుకు మాత్రం ఏ తేడా తెలియదు. చప్పుడు పోగొడతాను, కమాను ఉంటుంది అని చెప్పాను. ఫిర్యాదు తీరుతుందంటే మనిషి మొహం విచ్చుకోవాలి. ఇతని మొహం ముడుచుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు.

చప్పుడు ఫిర్యాదులంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఆయిలు కారితే మరక కనిపిస్తుంది, గేరు విరిగితే ముక్క దొరుకుతుంది. చప్పుడుకు చెవి తప్ప సాక్ష్యం లేదు. రోల్ బార్ చప్పుడైతే సాధారణంగా మడత దగ్గర పుడుతుంది. కొమ్మల కింద దూరేటప్పుడు కమానును వెనక్కి మడిచే వీలుంటుంది. అక్కడి పిన్నులు అరిగితే ఆడటం మొదలవుతుంది. అందుకని మర్నాడు కొత్త పిన్నులు, బుష్‌లు సంచిలో వేసుకుని అతని ఊరికి పోయాను.

బండి ఇంటి ముందరే ఉంది. ఇంజను వేయించి, వేగం మెల్లగా పెంచమని ఖాజాతో చెప్పి, కమాను మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. చెప్పినట్టే లడలడ కొట్టుకుంటోంది. మడతల్లో పాత ట్యూబు ముక్కలు బిగించి మళ్లీ వేయించాను. చప్పుడు తగ్గలేదు. అంటే మడతలో తప్పు లేదు. ఇక మిగిలింది కమాను కాళ్లు వెనక ఇరుసుకు కలిసే చోటు. మడ్డి గీకి చూశాను. ఎడమ కాలు ఇరుసుకు అంటుకున్నట్టే ఉంది. కుడి కాలి వాషర్ల చుట్టూ మాత్రం ఎర్రటి పొడి రాలి ఉంది. ఇనుము ఇనుముతో రాసుకుంటే వచ్చే పొడి అది.

ఆ కాలి బోల్టులు మావి కావు. కంపెనీ బోల్టు తల మీద దాని బలం తెలిపే అంకెలు చెక్కి ఉంటాయి. వీటి తలలు నున్నగా ఉన్నాయి. పైగా సన్నవి, రంధ్రంలో వదులుగా ఊగుతున్నాయి. బజారులో ఏ హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరికే రకం. బోల్టు దానంతట అది వదులవుతుందేమో గానీ, దానంతట అది సన్నబడదు.

"పాత బోల్టులు ఏవి?" అని అడిగాను.

ఖాజా చక్రం వైపు చూస్తూ, "ఏమో సార్, తెల్వదు. తొవ్వల ఊడివడ్డయేమో," అన్నాడు.

అప్పటిదాకా గడప దగ్గర నిలబడి ఉన్న అతని భార్య రజియా లోపలికి పోయి, ఒక వనస్పతి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో అంకెలున్న బోల్టులు, వాషర్లతో సహా ఉన్నాయి.

"గివేనా సార్ మీరు ఎతుకుతున్నయి? కొట్టంల గడ్డి కింద దొరికినయి. నాకేం తల నొస్తలేదు. మా తమ్ముడు కాల్వకట్ట మీద ట్రాక్టర్ తిరగవడి సచ్చిపోయిండు. గా బండికి గీ కమాను లేకుండె. గిది ఉన్నదనే నేను గీ బండి కొననిచ్చిన," అంది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. తాను చెబితే వినడనీ, కంపెనీ సారు చెబితే వింటాడనీ నేను వచ్చేదాకా ఆగిందట. అంతా బయటపడ్డాక, బోల్టులు మార్చింది తనేనని ఖాజా కూడా దాచలేదు. లడలడ కొట్టుకుంటే కంపెనీయే తీసేస్తుంది, కంపెనీ తీసిందంటే ఇంట్లో మాట పడనక్కర లేదు అనుకున్నాడు. ఇద్దరూ నా మాట కోసమే ఎదురుచూశారు, ఒకరికి ఒక మాట కావాలి, ఇంకొకరికి దానికి సరిగ్గా ఎదురు మాట కావాలి.

"అమరచింత సెంటర్ల బండి ఆపితె సాలు సార్, పెండ్లికూతురు డోలీల వచ్చిందంటున్రు. బెల్ట్ గూడ వెట్టుకుంటె ఇగ నవ్వుడే నవ్వుడు," అన్నాడు ఖాజా. అది విన్నాక నాకు అతని మీద కోపం పోయింది.

రజియాకు పోలేదు. "అంటె అననియ్. డోలీల పోయినోళ్లు మల్ల ఇంటికొస్తరు. జనాజాల పోయినోళ్లు రారు," అంది.

ఆమె తమ్ముడి జనాజాను మోసిన నలుగురిలో తానూ ఒకడినని ఖాజా తనే చెప్పాడు.

బోల్టుల మరలు చూసి, శుభ్రం చేసి, తాత్కాలికంగా అవే ఎక్కించాను. టార్క్ రెంచ్ అని మా దగ్గర ఒక పానా ఉంటుంది. ఎంత బలంతో బిగించాలో దాని మీద పెడితే, ఆ బిగువు రాగానే టక్కుమంటుంది. రెండు కాళ్లూ దానితోనే బిగించాను. రజియా ప్రతి టక్కుకీ తల ఊపింది. ఖాజాను బెల్టు పెట్టుకోమని చెప్పి ఊరి చివర దాకా నడిపించాను. చప్పుడు లేదు. వారంలో కొత్త బోల్టులు తెప్పించి మార్చాను. పనిచీటీలో కారణం అన్న చోట "బోల్టులు వదులు" అని రాశాను. అది అబద్ధం కాదు.

మాన్యువల్‌లో చప్పుడుకు కారణాలన్నీ వరసగా ఉంటాయి. చప్పుడు కావాలని కోరుకునే మనిషి ఆ వరసలో ఉండడు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా పద్ధతి ఒకటి మార్చుకున్నాను. బండి అప్పజెప్పే రోజున రోల్ బార్ సంగతి కొన్న మనిషికి ఒక్కడికే చెప్పేవాణ్ణి కాదు. అతను రాత్రి ఇంటికి రాకపోతే లేచి కూర్చునేది ఎవరో అడిగి, వాళ్లను పిలిపించి చెప్పేవాణ్ణి.