జల్దీగా వచ్చిన సర్కారు పైసలు

నా సర్వీసంతా జహీరాబాద్ చుట్టుపక్కల సర్కారు ఆఫీసుల్లోనే గడిచింది. బిల్లు పంపడం, అది తిరిగి రావడం, మళ్లీ పంపడం నాకు అలవాటే. అలాంటిది ఒకే ఒక్కసారి అడిగిన వెంటనే డబ్బొచ్చింది. అప్పుడు పడ్డ తిప్పలు డబ్బు రానప్పుడు కూడా పడలేదు.

మొన్నటి వానాకాలంలో నాలా పొంగి కింది బస్తీలోకి నీళ్లొచ్చాయి. జనాన్ని బడిలోకి చేర్చాం. వాళ్లకు అన్నం పెట్టించే పని మా సారు నా నెత్తిన వేశాడు. పెండ్లిళ్లకు వండే చాచా మా గల్లీ చివరే ఉంటాడు. తడుచుకుంటూ పోయాను. ఆయనింట్లో గోడ పొడవునా బియ్యం బస్తాలున్నాయి. మొగుడంపల్లిలో ఒక పెండ్లికి అడ్వాన్సు తీసుకుని కొన్న సరుకది.

"చాచా, బడిల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. ఈ బియ్యం వండు. పెండ్లి లోపల సర్కారు పైసలొస్తయి, జిమ్మేదారి నాది," అన్నాను ఛాతీ విరుచుకుని. చాచా వెంటనే పెండ్లి వంటలు వండే పెద్ద గుండిగ, ఆ డేగ్ ఎత్తాడు. నా మాటకు అంత విలువుందని నాకే అప్పటిదాకా తెలియదు.

నీళ్లు తీసేదాకా ఖిచిడీ, దాంట్లోకి చింతపండు పులుసు ఖట్టా వండి పెట్టాడు. రెండో రోజుకే పాపడ్ ఏదని ఒకాయన నన్ను నిలదీశాడు. నీళ్లు పోయాయి, జనం ఇళ్లకు పోయారు, చాచా బస్తాలు ఖాళీ అయ్యాయి. నేను బిల్లు పంపించి, ఆయనకు కనబడకుండా వేరే గల్లీలోంచి ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను.

అంతలో జిల్లా నుంచి ఆర్డరు దిగింది. వరదల ఖర్చుకు నిధులు వెంటనే ఇస్తున్నారు. రేపు సాయంత్రంలోగా వంటాయన బ్యాంకు వివరాలు పంపకపోతే డబ్బు వెనక్కి పోతుంది. ఆ కాగితాన్ని ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చదివాం. "సరిగ్గ జూడున్రి, పోయినేడాదిదేమో," అన్నాడు మా సారు.

ఆఫీసు ఫోను నుంచి చాచాకు చేశాను. ముందుగా టేపు మోగింది: ఫోన్లో బ్యాంకు వివరాలడిగే మోసగాళ్లున్నారు, జాగ్రత్త అని. తర్వాత చాచా ఎత్తాడు. నేను బ్యాంకు వివరాలడిగాను.

"సర్కారు పైసలా? గింత జల్దియా? ఎవనికి చెప్తున్నవ్ రా, చోర్!"

ఫోను చాచీ చేతికి పోయింది. ఆమె ఉర్దూలో నా ఏడు తరాలనూ తిట్టి పెట్టేసింది. మళ్లీ చేస్తే కలవలేదు.

పరుగున చాచా ఇంటికి పోయాను. చాచా ఎదురొచ్చాడు. "మంచిగొచ్చినవ్ సార్! నీ పేరు జెప్పి ఎవడో దొంగ ఫోన్ చేసిండు. గొంతు గూడ నీ లెక్కనే. అచ్చం నీ లెక్కనే ముక్కుతోని మాట్లాడిండు, బద్మాష్."

"అది నేనే చాచా."

ఆయన ముఖంలో కోపం పోయి జాలి వచ్చింది. "అయ్యో, నిన్ను గూడ మోసం చేసిన్రా సార్?"

ఆర్డరు చూపించాను, అరిచాను, దండం పెట్టాను. ఆయన మాత్రం మొగుడంపల్లికి బయల్దేరడానికి చెప్పులు వేసుకుంటున్నాడు, ఇంకో వంటాయన్ని చూసుకోమని పెండ్లివాళ్ల కాళ్లావేళ్లా పడి చెప్పడానికి. తీసుకున్న పెండ్లిని వదిలేశాడని తెలిస్తే ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకెవరూ పిలవరు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు నిజంగానే భయమేసింది.

చివరికి చాచీయే పాస్‌బుక్ తెచ్చి నా చేతిలో పడేసింది. "తీస్కపో. దీంట్ల ఏమున్నదని దొంగలు ఎత్తుకపోతరు?" ఆ మాట విని చాచా చెప్పులు విప్పేశాడు.

డబ్బు పడిందని మెసేజ్ వస్తే చాచా దాన్ని తెరవనన్నాడు. తెరిస్తే ఉన్నది కాస్తా పోతుందట. బ్యాంకుకు తీసుకుపోయి నోట్లు చేతిలో పెట్టించాల్సి వచ్చింది. వాటినీ వెలుతురుకు పట్టి చూశాడు. అక్కణ్నుంచి పెండ్లి సరుకు కోసం తిన్నగా బియ్యం దుకాణానికి పోయాం. బస్తాలు ఆటోలోకి ఎక్కుతుంటే నాకు గర్వమొచ్చింది.

"చాచా, ఆ దినం నా మాట నమ్మి డేగ్ ఎత్తినవ్ గదా. మరి ఇప్పుడెందుకు నమ్మలే?"

"ఆ దినం గూడ నమ్మలే సార్," అన్నాడు చాచా బస్తా సర్దుతూ. "పైసలొస్తయన్నది నేను ఇననే లేదు. పిల్లలు ఏడుస్తున్నరన్నవ్ జూడు, గదొక్కటే ఇన్న."

అంటే పెండ్లి ఆర్డరు పోతుందని తెలిసే వండాడు. తర్వాతి బస్తాకు నేనూ ఒక చెయ్యి వేశాను.