వంతెన మీద అదనపు మనిషి

మా మావయ్య గీసిన కొండల బొమ్మలో, వంతెన మీది మనిషి బండమీద కూర్చున్నావిడ దగ్గరికి వస్తున్నాడా, వెళ్ళిపోతున్నాడా? ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను. అసలు చిక్కేమిటంటే, ఆ మనిషి అక్కడ ఉండనే కూడదు.

పాత చిత్రాలకు నకళ్ళు గీయడం మావయ్య వృత్తి. చెట్టుకు చెట్టు, మబ్బుకు మబ్బు దించేసేవాడు. కానీ బొమ్మలో ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే ఆయన చెయ్యి ఆగేది కాదు. పక్కన ఇంకొకరిని వేసేసేవాడు. అలా ఒక పడవవాడికి బావమరిది దొరికాడు. గొర్రెల కాపరికి పెళ్ళయింది.

"నిన్న సన్యాసికి సంసారం పెట్టారు," అనేది అత్తయ్య.

"సంసారం కాదే, ఇరుగుపొరుగు!"

కొండల బొమ్మ ఆసుపత్రి వరండా కోసం పెద్ద డాక్టరుగారు గీయించుకున్నది. అసలు చిత్రంలో మునిమాపు వెలుగు, ఆకాశాన్నంటే కొండలు, కూలిన స్తంభాలు, ఖాళీ వంతెన, బండమీద గోరంత ఆడమనిషి. అంతే.

"వంతెన మీద ఈయనెవరండీ?" అన్నారు డాక్టరుగారు.

"ఎవరోనండీ, దారినపోయేవాడు."

"ప్రకృతి ముందు మనిషెంత అల్పుడో చెప్పే చిత్రమది! ఆ ఏకాంతమే దాని అర్థం!"

"అల్పుడేనండీ, కాదన్నానా? ఇద్దరు అల్పులుంటే కబుర్లయినా చెప్పుకుంటారు."

"చెరిపెయ్యండి."

"అలాగేనండీ, రంగు ఆరనివ్వండి."

ఆ రంగు ఏళ్ళు గడిచినా ఆరలేదు.

తర్వాత మా ఆయనకు అక్కడే గుండె ఆపరేషను జరిగింది. బతుకుతారో లేదో చెప్పలేమన్నారు. ఎవరినీ కంగారుపెట్టడం ఇష్టంలేక, ఆ బొమ్మకెదురుగా ఒక్కదాన్నే కూర్చున్నాను. కొండలు మీద పడుతున్నట్టే ఉంది. నా చూపు వంతెన మీది మనిషిని పట్టుకు వేలాడింది.

పక్క కుర్చీ కిర్రుమంది. మావయ్య!

"నీకెవరు చెప్పారు మావయ్యా?"

"నీకోసమెవరొచ్చారే? ఆ మనిషిని చెరపడానికొచ్చాను."

"మరి కుంచె ఏదీ?"

"మర్చిపోయా."

అటుగా పోతున్న నర్సమ్మ ఆగింది. "ఇవాళ కూడానా బాబాయిగారూ? రోజూ ఇంతేనమ్మా! ఇక్కడ ఒక్కరే కూర్చున్నవాళ్ళు కనబడితే చాలు, ఈయనకి కుంచె గుర్తుండదు."

"నీకు పనిలేదుటమ్మా?" అని కసిరాడు మావయ్య.

ఆ మధ్యాహ్నమంతా మావయ్య, వంతెన మీది మనిషికి అత్తవారితో ఉన్న గొడవలు కల్పించి చెప్పాడు. ప్రతిసారీ అత్తవారు మారిపోయారు. ఆ భయంలోనూ నవ్వాను.

చివరికి తలుపు తెరుచుకుంది. "గండం గడిచిందమ్మా," అన్నారు డాక్టరుగారు.

ఇటు తిరిగేసరికి కుర్చీ ఖాళీ. వెళ్తున్నానని ఒక్క మాటైనా లేదు. వరండా చివర బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న పెద్దాయన ముందు నిలబడి, "కాస్త జరుగుతారా?" అంటున్నాడు మావయ్య.

ఆ బెంచీ మీద ఇంకెవరూ లేరు.