ఒక ఉదాహరణ చెప్పండి

విదిన్ అనే ఊళ్లో డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న బిస్కెట్ల ఫ్యాక్టరీలో నెవెనా సగం జీవితం నిలబడే గడిపింది. పెళ్లికి ముందు చేరింది, మొగుడు పోయాక కూడా అక్కడే ఉంది. బెల్టు మీద వచ్చే పొట్లాలను పెట్టెల్లో సర్దడం ఆమె పని. మోకాళ్లు అరిగిపోయాయి. సాయంత్రం ఇంటికెళ్లి మెట్లెక్కేటప్పుడు ప్రతి అంతస్తులోనూ ఆగి, ఆ ఫ్యాక్టరీ పెట్టినవాణ్ణి తిట్టుకునేది. అందుకే షిఫ్ట్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయిందనగానే ఆశపడింది. సూపర్‌వైజర్‌కి కుర్చీ ఉంటుంది. అదేమంత గొప్ప ఆశ కాదు. కుర్చీలో కూర్చోవాలని ఎవరికుండదు?

ఇంటర్వ్యూ అంటే భయం వేసి, అన్న కూతురు రాడాని భోజనానికి పిలిచింది. రాడా బ్యాంకులో ఉద్యోగి. ఆ మధ్యే ఇలాంటి ఇంటర్వ్యూ గట్టెక్కి చిన్న అధికారి అయింది.

"మీలో లోపం ఏంటని అడుగుతారత్తా" అంది రాడా, చిక్కుడుగింజల సూపులో రొట్టె ముంచుకుంటూ.

"మోకాళ్లు."

"అయ్యో, ఆ మాటెత్తకు! పని మొదలెడితే పూర్తయ్యేదాకా వదలను, అదే నా లోపం అని చెప్పు."

"అది లోపమెట్లా అవుతుందే?"

"అవదు. అందుకే చెప్పాలి."

"అబద్ధాలాడ్డానికి కూడా ట్యూషన్ కావాలన్నమాట" అని నెవెనా నిట్టూర్చింది.

"ఇంకోటి విను. కష్టం వచ్చినప్పుడు మీరేం చేశారో ఒక ఉదాహరణ చెప్పండి అంటారు. అక్కడ మాత్రం నిజంగా జరిగిందే చెప్పు. కల్పించి చెబితే మొహంలో తెలిసిపోతుంది."

బెల్టు దగ్గర నెవెనాకి ఎడమవైపు మిల్కా నిలబడేది. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు. ఒకరి కడుపులో మాట ఇంకొకరి దగ్గర దాగదు. మిల్కా మొగుడు కూడా పోయిన తర్వాత ఆమె కుడి చెయ్యి వణకడం మొదలైంది. పొట్లాలు జారిపోయేవి. నెవెనా ఏమీ అనకుండా మిల్కా వాటాలో సగం తనవైపు లాక్కుని సర్దేసేది. రెండు చలికాలాలు అలాగే నెట్టుకొచ్చారు. ఇంకో రెండేళ్లు గడిస్తే మిల్కాకి పింఛను వస్తుంది. ఆ చెయ్యి సంగతి వాళ్ల మధ్య మాటల్లోకి వచ్చింది ఒక్కసారే. "నా వాటా కూడా నువ్వే మింగేస్తున్నావే, లావైపోతావు చూసుకో" అంది మిల్కా.

ఇంటర్వ్యూ రోజు ఆఫీసు మెట్ల ముందు మిల్కా గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. మంచి పనికి వెళ్లేవాళ్ల దారిలో నీళ్లు పోస్తే పని నీళ్లలా సాగిపోతుందని ఆ ఊళ్లో అంటారు. పోసినవాటిలో సగం నెవెనా బూటు మీదే పడ్డాయి.

"తడిపేశావు కదే ముసలిదానా!"

"ఊరికే ఒలకబొయ్యడానికి నా చేతిని మించింది లేదు. పో, కుర్చీ తెచ్చుకో."

లోపల సోఫియాలోని హెడ్డాఫీసు నుంచి వచ్చిన దెసిస్లావా అనే అమ్మాయి, పక్కన ఫోను చూసుకుంటున్న మేనేజరు ఉన్నారు. రాడా చెప్పిన ప్రశ్నలే వరుసగా వచ్చాయి. లోపం గురించిన అబద్ధం నెవెనా బాగానే ఒప్పజెప్పింది. ఉదాహరణ అడిగినప్పుడు, కరెంటు పోయి బెల్టు ఆగిన రోజు గురించి చెప్పింది.

"సరే, అప్పుడు మీరేం చేశారు నెవెనా గారూ?"

ఏమీ చెయ్యలేదు. కరెంటు వచ్చేదాకా అందరితోపాటు నిలబడింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. కుర్చీ చేజారిపోతోందని నెవెనాకి అర్థమైంది. అప్పుడు తన దగ్గరున్న ఒకే ఒక్క నిజం నోట్లోంచి జారిపోయింది.

"మా లైన్లో ఒకావిడకి చెయ్యి వణుకుతుందమ్మా. ఆవిడ పని సగం నేనే చేస్తాను. బెల్టు ఒక్కరోజూ ఆగలేదు, ఎవరికీ తెలియనివ్వలేదు."

దెసిస్లావా మొదటిసారి నవ్వింది. "ఎన్నాళ్లుగా?" అని అడిగింది, ముచ్చటపడినట్టే. నెవెనా ఉత్సాహంగా చెప్పింది. పేరు చెప్పలేదు కదా అనుకుని నిశ్చింతగా బయటికొచ్చింది, పిచ్చిది. పక్కన నిలబడి పనిచేసేది ఎవరో కనుక్కోవడం ఎంతసేపు?

వారం తిరక్కుండానే కబురొచ్చింది. దెసిస్లావా చెయ్యి కలిపి అభినందించింది. ఆ తర్వాత, మిల్కా ఉద్యోగ ఒప్పందం ఈ నెలతో ముగుస్తుందని, ఇక పొడిగించడం లేదని, ఆ సంగతి కొత్త సూపర్‌వైజరే చెబితే బాగుంటుందని అంది.

నెవెనా ఆమె చెయ్యి వదల్లేదు. "ఇంకో రెండేళ్లేనమ్మా. ఊడ్చే పనిలోనైనా వెయ్యండి. నేను చూసుకుంటాను."

"ఇన్నాళ్లూ మీరు చూసుకున్నారనే కదా మాకు తెలియలేదు" అంది దెసిస్లావా నెమ్మదిగానే. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను. మీరైతే ఆవిడకి కాస్త ఊరటగా ఉంటుంది."

వద్దు, ఈ ఉద్యోగం నాకొద్దు అనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చిందని నెవెనా ఆ తర్వాత చాలామందికి చెప్పింది. వచ్చిందేమో మరి. బయటికి మాత్రం రాలేదు.

బట్టలు మార్చుకునే గదిలో మిల్కా బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు ముడేసుకోలేక తంటాలు పడుతోంది. నెవెనా వంగి ఆ ముడి వేసింది. అలా వంగే, తలెత్తకుండానే, ఒప్పందం సంగతి చెప్పేసింది.

మిల్కా ఏడుస్తుందనుకుంది నెవెనా. తిట్టినా బాగుండేది. ఆవిడ లేచి, కోటు చేతుల్లోకి చేతులు దూర్చుకుంది.

"వాళ్లకెట్లా తెలిసిందో నాకు..." అని మొదలుపెట్టింది నెవెనా.

"ఊరుకోవే" అంది మిల్కా. "నా చెయ్యి సంగతి తెలిసింది మనిద్దరికే. నేనైతే ఎవరికీ చెప్పలేదు."