కాడిలాక్ త్రినాథరావు, మూడు కుట్టుమిషన్లు

మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో లోకోషెడ్ ఫిట్టరు త్రినాథరావుకి ఏ వస్తువైనా ఒక్కటి ఉంటే చాలేది కాదు. మూడు కావాలి. మూడు గొడుగులు, మూడు లాంతర్లు, మూడు సైకిళ్ళు. మూడిళ్ళకి వెళ్ళి అడిగి తెచ్చుకుని, వరండాలో గోనెపట్టా పరిచి, మూడింటినీ ముక్క ముక్కగా విప్పి కుప్ప పోసేవాడు. పులిహోర కలిపినట్టు రెండు చేతులతో కలిపేవాడు. అందులోంచి మళ్ళీ మూడు వస్తువులు బిగించి, తుడిచి, నూనె రాసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేవాడు. ఎవరివి వాళ్ళకి అనడమే గాని, మీ గొడుగు మీకు వచ్చేది కాదు. మీ కర్ర, గార్డుగారి కమ్మీలు, ఇంకెవరిదో గుడ్డ కలిసిన గొడుగు ఒకటి వచ్చేది.

"ఇదేటి త్రినాథం, నా గొడుగుకి ఆకుపచ్చ పిడి ఎక్కడిది?" అని నేనడిగితే, "కాడిలాక్ కంపెనీ వోళ్ళు అలాగే చేసేరప్పా" అనేవాడు. అప్ప అంటే మా వేపు అక్క. తిరుగు ప్రశ్న లేదు. కాడిలాక్ అన్నాక సింహాద్రి అప్పన్న చెప్పినా ఇంకంతే.

ఈ పిచ్చి అతనికి పంతొమ్మిదివందల ముప్పై ఒకటిలోనో ముప్పై రెండులోనో పట్టింది. ఎవరో జమీందారుగారి కారు కలకత్తా నుంచి బండి మీద ఎక్కించుకుని మా యార్డులో దింపేరు. నేరేడుపండు రంగుట, రెండు ఎడ్లబళ్ళంత పొడుగుట. దింపేక అది కదల్లేదు. జమీందారుగారి డ్రైవరు దిక్కులు చూస్తూ ఉంటే మనవాడు షెడ్డులోంచి వెళ్ళి, ఏదో బేటరీ తీగ గీకి బిగించేడు. కారు లేచింది. లేచిన చప్పుడు కూడా లేదట. ఆ డ్రైవరు సంతోషించి గంటసేపు కూచోబెట్టి కాడిలాక్ పురాణం అంతా చెప్పి, కేటలాగులోంచి ఒక బొమ్మ చింపి ఇచ్చేడు. దానికి అద్దం కట్టించి అప్పన్న పటం పక్కనే మేకు కొట్టి తగిలించేడు త్రినాథరావు. వాళ్ళావిడ లక్ష్మీనరసమ్మ సాంబ్రాణి పొగ వేస్తే ఇద్దరికీ సమానంగా అందేది.

నేను ఊరుకుంటానా? ఆ సాయంత్రమే వెళ్ళి అడిగేను.

"ఎక్కేవా నాయనా ఆ కారు?"

"ఎక్కలేదప్పా."

"పోనీ కూర్చున్నావా?"

"కూర్చోమన్నాడు. నా లాగుకి షెడ్డు మడ్డి ఉంది. తలుపు దగ్గర నిలబడి వాసన చూసేను."

"ఏం వాసనేటి?"

"కొత్తచెప్పుల వాసనప్పా. చాలా ఖరీదైన చెప్పులు."

ఆ పురాణం మా క్వార్టర్లలో అందరికీ నోటికి వచ్చేసింది. కాడిలాక్ అంటే అసలు కారు కాదు. రెండొందల ఏళ్ళకి పైమాట, అమెరికాలో ఒక ఊరికి పునాది వేసిన ఫ్రెంచి దొర పేరు. ఆ ఊళ్ళోనే తర్వాత కార్ల కార్ఖానాలు వచ్చేయి. అప్పట్లో హేండిలు తిప్పితే గాని కారు లేచేది కాదు, అది వెనక్కి తన్ని మనుషుల చేతులు విరిగేవి. ఆ బాధ లేకుండా మీట నొక్కితే లేచేలా కార్లు మొదట అమ్మింది వీళ్ళేనట. అన్నిటికన్నా పెద్ద కథ లండను కథ. అంతకు ముందు ఒక కారు ముక్క ఇంకో కారుకి పట్టేది కాదట, దేనికి దాన్ని ఆకురాయితో రాసి కూర్చోబెట్టాలి. కాడిలాక్ వాళ్ళు మూడు కార్లు లండను పట్టుకెళ్ళి, పెద్దమనుషుల ఎదుట విప్పించి, ముక్కలన్నీ కలిపించి, పానాలూ స్క్రూడ్రైవర్లూ తప్ప ఆకురాయి ముట్టకుండా మళ్ళీ మూడు కార్లు బిగించి, అయిదేసి వందల మైళ్ళు తోలి చూపించేరు. చక్రం ఒక రంగు, రెక్క ఒక రంగు. అయినా ఆగలేదు. దాంతో లోకమంతా నోరు తెరిచింది. 'ప్రపంచానికే మేం కొలబద్ద' అని కంపెనీ వాళ్ళు రాసుకున్నారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా త్రినాథరావు లేచి నిలబడేవాడు. లక్ష్మీనరసమ్మ మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ అనేది: "మా నాన్న మా ముగ్గురప్పచెల్లెళ్ళకీ ఒక్క పందిట్లోనే పెళ్ళి చేసేడు వొదినా. నా అదృష్టం, అప్పటికి ఈయనకి కాడిలాక్ తెలీదు."

బిగించడంతో అయిపోతే బాగుండును. అయిదొందల మైళ్ళ పరీక్ష ఒకటి ఉండేది. జూలై ముసురులో మూడు గొడుగులు చంకన పెట్టుకుని, వంతుకొకటి వేసుకుంటూ, గోల్ బజారు దాకా నాలుగు రోజులు నడిచేడు. బజారులో కూరలమ్మే మంగ్లీబాయి, "ఏక్ ఆద్మీ, తీన్ ఛాతా" అని నవ్వి, గంపెడు వంకాయలు ఒలికించుకుంది. లాంతర్లు కలిపినప్పుడు, "లాంతరుకి మైళ్ళేటి?" అన్నాను. "గేటుమేన్ అప్పారావుకి ఒకటి ఇచ్చేనప్పా. రోజూ గేటుకి పోయి వస్తాడు. లెక్క కట్టుకుంటాను" అన్నాడు. సైకిళ్ళు మూడు కలిపిన ఏడాది షెడ్డులో ముగ్గురు మనుషులు ఎరుపూ నలుపూ ఆకుపచ్చా కలిసిన సైకిళ్ళు తొక్కుతూ డ్యూటీకి పోయేవారు. చూసిన వాళ్ళు సర్కసు దిగింది అనుకునేవారు.

ఇలా జరుగుతూ ఉండగా యుద్ధం వచ్చింది. నలభై మూడులో సంగతి ఇది.

మా వెనకవరసలో చిన్నమ్మి అని ఉండేది. ఫైర్‌మేన్ భార్య. మొగుడు జ్వరంలో పోయేడు, క్వార్టరు ఖాళీ చేసి వెనక పెంకుటింట్లో ఒక గది తీసుకుంది. చేతిమిషను మీద కుట్టుకుని బతికేది. యుద్ధంలో బళ్ళు పెరిగేయి గదా, ఎర్రజెండాలూ పచ్చజెండాలూ కుట్టే పని, కంట్రాక్టు పట్టిన ఒక ఠేకేదారు ఆమెకి ఇచ్చేడు. మహా అభిమానం గల మనిషి. ఎవరైనా పాత చీర పంపితే దాని మీద గిన్నెడు ఉసిరికాయ పచ్చడి పెట్టి తిరిగి పంపేది.

ఆమె మిషను చప్పుడు మూడు రోజులు వినబడలేదు. నా చెవి ఊరుకోలేదు, వెళ్ళేను. చిన్నమ్మి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని జెండాలు చేత్తో కుడుతోంది.

"మిషనుకేటైందే?"

"అన్నీ అయినాయి పిన్నీ. గుడ్డని ముందుకి తోసే పళ్ళు అరిగిపోనాయి. లోపల దారపుచుట్ట ఉండే నాడె ముక్కు విరిగింది. హేండిలు చక్రం పళ్ళు కూడా పోనాయి. సదర్ బజారు దుకాణంవోడు, లడాయీ అయినాక రా అమ్మా, సామాన్లు రావట్లేదు అన్నాడు."

"మరి జెండాలు?"

"రెండొందలు. వచ్చే శనివారానికి ఇవ్వాలి. చేతికుట్టు పనికిరాదన్నాడు. ఇవ్వకపోతే పని ఇంకోళ్ళకి పోద్ది. నేను టెక్కలిలో మా మరిదిగారింటికి పోవాలి."

టెక్కలి అన్నప్పుడు ఆమె తల ఎత్తలేదు. ఆ మరిదిగారిల్లు నాకు తెలుసు. అక్కడ ఆమె అందరూ తిన్నాక తిని, అందరూ లేవకముందు లేవాలి.

"నా మిషను తీసుకోవే. ఏడాదికి రెండు గలీబులు కుడతాను నేను."

"అడిగేనా పిన్నీ?" అంది, మెత్తగానే.

నేను పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ లక్ష్మీనరసమ్మతో చెప్పుకుని వాపోయేను. అంతే నేను చేసింది. ఆదివారం పొద్దున్నే త్రినాథరావు మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పా, మీ కుట్టుమిషను ఒక్క పూట కావాలి. మూడూ ఒకే రకం దొరికేయి. మీది, గార్డుగారావిడ కనకమహాలక్ష్మిగారిది, చిన్నమ్మిది."

నాకు ఒళ్ళు మండింది. "చిన్నమ్మి పీకలమీదికొస్తే నీకిప్పుడు ఆటలా? అది చచ్చిన మిషను. నీ లండనులో చచ్చిన కారు కలిపేరా?"

"చూద్దురుగాని రండి" అన్నాడు.

మిషను ఇచ్చేను గాని, మనిషిని నమ్మలేదు. ఇచ్చే ముందు నా మిషను ముక్కలకి, కనబడినంత మటుకు, సూదితో సన్నగా ఒక్కో గీత గీసేను. వాళ్ళ వరండాలో ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. మూడు మిషన్లూ విప్పి, ముక్కలు కిరసనాయిలు పళ్ళెంలో పడేసి, "పెద్దమనిషి కలపాలి, అది రూలు" అని నా చేతే కలిపించేడు. తర్వాత కళ్ళు మూసుకుని ఒక్కో ముక్కా తీస్తానన్నాడు.

కళ్ళు మూసుకున్నాడు, నిజమే. కాని అతని వేళ్ళు ప్రతి ముక్కనీ తడిమి, పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంటున్నాయి. మంచి పళ్ళు ఉన్న ముక్క ఒకటి తీసి చిన్నమ్మి మిషనులో పెట్టేడు. దాని మీద నా గీత ఉంది.

"త్రినాథం, అది నాది."

"కాడిలాక్‌లో నాదీ నీదీ ఉండదప్పా."

"సూదితో గీత పెట్టేను నాయనా. కళ్ళు మూసుకుని తీస్తున్నానన్నావు."

అతను కళ్ళు తెరిచేడు. వెనకవరస వేపు చూసి గొంతు తగ్గించేడు. "కళ్ళు మూసుకుంటే కుదరడానికి అవి కాడిలాక్‌లు. ఇవి కుట్టుమిషన్లు అప్పా."

"నా మంచి పళ్ళు దానికి పెట్టి, దాని అరిగినవి నాకు పెడతావా?"

"మీకు పళ్ళు. గుడ్డ కాస్త చేత్తో లాక్కోవాలి. కనకమహాలక్ష్మిగారికి చక్రం. టకటకమంటాది, కుడతాది. నాడె ముక్కు నేను నూరి పెట్టేను, అది చిన్నమ్మి దగ్గరే ఉంటాది. ఒక్క మిషనుకి మూడు రోగాలుంటే చచ్చిపోద్ది. మూడింటికీ తలో రోగం ఉంటే మూడూ బతుకుతాయి."

అప్పుడు ఒక్కొక్కటే లెక్క తగిలింది. ఆ మూడు గొడుగుల్లో ఒకటి కమ్మీలు విరిగిన మంగ్లీబాయిది. ఆ లాంతర్లలో ఒకటి అప్పారావుది, దాని తొట్టికి చిల్లు. సైకిళ్ళలో ఒకటి ఇద్దరు కూతుళ్ళున్న క్లీనరుది, దానికి బ్రేకులే లేవు.

"అడిగితే మేం ఇవ్వమా త్రినాథం?"

"మీరిస్తారు. ఆవిడ పుచ్చుకోదు. ఇది నా పిచ్చి ఆట అయితే ఇచ్చినోళ్ళూ లేరు, పుచ్చుకున్నోళ్ళూ లేరు."

"అయితే కాడిలాక్ అంతా అబద్ధమేనా?"

అతను నిజంగా నొచ్చుకున్నాడు. "అబద్ధం ఎలాగవుద్దప్పా? ఏ కారు ఎవరిదో తెలీకుండా చేసి గెలిచేరు వాళ్ళు."

మంగళవారం నాడు చిన్నమ్మి నూటపాతిక జెండాలు మడతపెట్టుకుని మా వరండాలో కూర్చుని ఉంది. కనకమహాలక్ష్మి విసవిసా వచ్చింది.

"వొదినగారూ, నా మిషను టకటకమంటోంది. మూడు వీధులకి వినిపిస్తోంది. ఈ చిన్నమ్మి మిషను చూడండి, కొత్తకోడలిలాగ సవ్వడే లేదు. నా చక్రం దాంట్లోకి పోయింది. ఇప్పుడే విప్పించి చూస్తాను."

చిన్నమ్మి చేతిలో జెండా కింద పెట్టింది. "మీది ఉంటే తీసేసుకోండమ్మా. ఒకళ్ళది నాకెందుకు?" అని లేచింది. శనివారానికి ఇంకా డెబ్బై అయిదు జెండాలున్నాయి.

నేను జన్మలో అంత తొందరగా ఎప్పుడూ అబద్ధం ఆడలేదు.

"కూచో కనకమహాలక్ష్మీ. ఆ టకటక ఉండాలి. కాడిలాక్‌లో పదహారు గొట్టాల కారు ఒకటి ఉందిట. గొట్టానికో టక్కు. మహారాజులు చప్పుడు వినే కొంటారట. చప్పుడు లేనిది నాసిరకం, పాపం ఈ చిన్నమ్మికి వచ్చింది. నీ అదృష్టం నీకు వచ్చింది, నాకు అదీ లేదు."

"అచ్ఛా?" అంది కనకమహాలక్ష్మి. మెడలో గొలుసు సర్దుకుంది. "అదేలే, గార్డుగారు కూడా అన్నారు, ఇదేదో ఇంజను చప్పుడులా ఉందని." ఇంటికెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచి, ఆ సాయంత్రమంతా ఒక్క గలీబే కుట్టి విప్పి కుట్టింది.

ఆ మాట త్రినాథరావు చెవిన పడింది. షెడ్డు నుంచి వస్తూ మా గుమ్మంలో ఆగేడు. "అప్పా, నన్ను ఏమన్నా పడతాను. కాడిలాక్ చప్పుడు చేస్తాదని చెప్పేరా?" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శనివారం చిన్నమ్మి రెండొందల జెండాలు ఇచ్చేసి, ఇంకో మూడొందలకి గుడ్డ తెచ్చుకుంది. దారిలో మా ఇంట్లో మంచినీళ్ళు తాగుతూ నాకు దగ్గరగా జరిగింది.

"పిన్నీ, ఎవరితో అనకండి. ఆదివారం త్రినాథన్న వచ్చి మిషను అడిగితే నాకు ఇష్టం లేదు. ఎంత పాడైనా మా ఆయన కొనిచ్చినది గదా. కాని ఏటి చేస్తాం, ఆ కాడిలాక్ అంటే ఆయనకి పిచ్చి. ఒక్క మిషను తక్కువైతే ఆట ఆగిపోద్ది, చిన్నబోతాడు. పాపం పోనీ అని ఇచ్చేను. ఒకళ్ళకి మన చేతనైన సాయం చెయ్యాలి గదా."

"చెయ్యాలే తల్లీ" అన్నాను. "ఇంకోసారి అడిగితే కూడా కాదనకు."

"అననులే" అంది చిన్నమ్మి, గుడ్డల మూట చంకకెత్తుకుంటూ. "మనం కాకపోతే ఆయన్నెవరు చూస్తారు?"