కల్లే గదా

బాలనర్సయ్య ఎదుట కల్లును ఎవరైనా మందు అన్నారంటే ఆ పూట వాళ్లకు మూడినట్టే. నడుముకు మోకుతాడు వేసుకుని చెట్టు సగం దాకా ఎక్కి ఉన్నా సరే, అక్కడే ఆగి అందుకునేవాడు.

"మందు ఫ్యాక్టరీల అయితదిరా. అండ్ల ఏం కలిపిండ్రో ఎవ్వడు జూసిండు? గిది చెట్టిచ్చింది. కల్లు తాగితే తాగినట్టు కాదు!"

ఆ చివరి మాట మొదట ఆయన ఊతపదం. పోను పోను ఊరందరిదీ అయింది. మరిపెడ నుంచి మానుకోట పోయే దారిలో, ఊరు దాటగానే కుడిచేతి వైపు ఇరవై తాటిచెట్లు, వాటి కింద తాటాకు పందిరి, నాలుగు బల్లలు. అదే ఆయన కల్లు మండువ. సాయంత్రమైతే చాలు, పొలాల నుంచి వచ్చేవాళ్లు ఒక్క సీసా తాగి, నాలుగు మాటలు చెప్పుకుని ఇంటికి పోయేవాళ్లు.

పదహారో ఏట తండ్రి మోకు భుజాన వేసుకున్న మనిషి. ఇప్పుడు యాభై ఆరు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెట్లెక్కి దిగడం తప్ప మరో పని నేర్వలేదు, నేర్వాలని అనుకోనూ లేదు. పౌడరు కలిపి అమ్మేవాళ్ల పేరెత్తితే ఉమ్మేసేవాడు. తన కల్లు కుండలో, ఆ లొట్టిలో, చుక్క నీళ్లు కూడా కలవవని ఆయనకు గర్వం. అది ఉత్త గొప్ప కాదు, నిజమే.

తొమ్మిదేళ్ల కింద వాన తడికి కాలు జారి చెట్టు మీద నుంచి పడ్డాడు. తొంటి విరిగింది. పక్క తండా రైతు సక్రు ఆ కేక విని పొలం నుంచి ఉరికొచ్చి, మనిషిని భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాడు. ఆటో ఆపి మానుకోట దవాఖానలో చేర్పించి మూడు రోజులు వరండాలోనే పడుకున్నాడు. అప్పటి నుంచి బాలనర్సయ్య ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. కానీ చెట్టెక్కడం మానలేదు. పొద్దున దించిన మొదటి లొట్టిలోంచి సక్రుకు ఒక సీసా పక్కన పెట్టడమూ మానలేదు.

కుర్రవాళ్లను మండువ ఛాయలకు రానీయకపోవడం ఒకప్పటి నియమం. మీసం మొలవనివాడు కనిపిస్తే మోకు చివరతో తరిమేవాడు. ఆ నియమాన్ని పాడు చేసింది ఫోన్లు. నాలుగేళ్ల కింద ఎవడో కుర్రాడు ఆయన చెట్టెక్కుతుంటే వీడియో తీసి పెట్టాడు. కుంటికాలితో అంతెత్తు ఎక్కుతున్నాడని వేలమంది చూశారట. ఆ తరవాత బండ్లు రావడం మొదలైంది. "తాతా, ఇటు జూడు! తాతా, లొట్టి లేపి పట్టుకో!" అంటుంటే మనిషి ఉబ్బిపోయేవాడు. పొగడ్తకు పడనివాడెవడు? మీసాల సంగతి మరిచిపోయాడు. వాళ్లకూ పోశాడు. కల్లే గదా!

ఆ వచ్చేవాళ్లలో మిథున్ అంటే ఆయనకు ప్రాణం. స్వరూప ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్లు. స్వరూప మొగుడు యుగేందర్ చీప్ లిక్కరు తాగి తాగి, లివరు చెడి, అయిదేళ్ల కింద పోయాడు. మూడోనాడు పోయినవాడి పేర పిట్టకు ముద్ద పెట్టిన తరవాత ఆమె కొడుకును అందరి ముందు పిలిచి, వాడి కుడిచెయ్యి తన నెత్తిన పెట్టుకుంది.

"మందు ముట్టనని ఒట్టెయ్యి. తప్పినవో, నేను సత్త."

వాడు ఏడుస్తూ ఒట్టేశాడు. అక్కడే నిలబడి ఉన్న బాలనర్సయ్య, ఆ బరువు కాస్త తేలిక చేద్దామని కాబోలు, "మరి కల్లు సంగతేంది బిడ్డా? పండుగకన్న తాగొద్దా వాడు?" అన్నాడు. స్వరూప కళ్లు తుడుచుకుని, "కల్లు మందెట్లయితది మామా? నువ్వే అంటవ్ గదా," అంది. ఏడుపు మధ్యలో నలుగురూ నవ్వారు.

మిథున్ ఒట్టు నిలబెట్టుకున్నాడు. స్నేహితులు బీరు తాగుతుంటే వీడు తాగేవాడు కాదు. "మా అమ్మ మీద ఒట్టుంది," అని బాలనర్సయ్య తాటిచెట్ల కిందికి వచ్చేవాడు. ఒకటి తాగేవాడు రెండు తాగాడు, రెండు తాగేవాడు నాలుగు తాగాడు. బండి మీద నిలబడడం, చేతులు వదిలెయ్యడం, ఎదురుగా వచ్చే లారీని ఆఖరి క్షణంలో తప్పించడం, అదంతా ఫోనులో పట్టడం. చూసి బాలనర్సయ్య, "నీ పాసుగాల! పానం మీద తీపి లేదార?" అని తిట్టేవాడు. తిట్టులో సగం మురిపెమే. తానూ అంతెత్తున గాలిలో బతికినవాడే కదా.

యాసంగి కోతల రోజులు. ఆ బుధవారం మూడింటికి మిథున్, వాడి దోస్తు అరవింద్ వచ్చారు. ఎండకు ఇంకెవరూ లేరు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. అదే ఎండలో మధ్యాహ్నం దాకా ఉంటే పులిసి నురగ కక్కుతుంది, తల పట్టేస్తుంది. ఈ సంగతి బాలనర్సయ్యకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. తెలిసే పోశాడు. మిథున్ అయిదు సీసాలు తాగాడు.

పొద్దు గుంకే వేళకు లేచారు. అందరూ కోతల్లో ఉండి, అప్పటికీ బల్లల దగ్గర మరో మనిషి లేడు. చేతులు వదిలేసి తండా మలుపు దాకా పోతానని మిథున్ పందెం కట్టాడు. వెనక కూర్చుని అరవింద్ ఫోను పట్టాలి. తీరా బండెక్కాక తాళంచెవి రంధ్రంలో పడలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు కుచ్చాడు, మూడుసార్లూ పక్కకు జారింది. ముగ్గురికీ నవ్వాగలేదు.

"ఇటు తే బద్మాష్! తాళం పెట్టరాదు గని పందాలు గడ్తడట," అని బాలనర్సయ్య తాళంచెవి లాక్కున్నాడు.

ఆ తాళంచెవిని జేబులో వేసుకుంటే సరిపోయేది. ఆ ఒక్క పని చేస్తే సరిపోయేది. ఆయన వంగి, రంధ్రంలో సరిగ్గా పెట్టి, తిప్పి ఇచ్చాడు.

"పైలం బిడ్డా," అన్నాడు.

తండా మలుపులో సక్రు వడ్లు ఎండబోశాడు. తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపితే, అందరిలాగే తారురోడ్డు సగం మీద పరిచి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చాడు. ఎర్రగుడ్డ కట్టిన కర్ర కూడా పాతాడు. అది దూరం నుంచే కనిపిస్తుంది, చూసే కళ్లుంటే. బండి రాళ్లకు తగిలి లేచిన చప్పుడు మండువ దాకా వినిపించింది. మిథున్ మానుకోట చేరకముందే పోయాడు. అరవింద్‌ను తెలివి లేకుండానే వరంగల్ తీసుకుపోయారు. ఫోను ముక్కలు వడ్లల్లో కలిసిపోయాయి.

శవం ఊరు చేరేసరికి నేరస్థుడు తయారుగా ఉన్నాడు. రోడ్డు మీద రాళ్లు పెట్టింది ఎవడు? సక్రు. పదిమంది తండా మీదికి పోయి, వాణ్ని బయటికి లాగి, చెవి నుంచి రక్తం వచ్చేదాకా కొట్టారు. వాళ్లలో సగంమంది వడ్లు ఆ రోజు కూడా అదే రోడ్డు మీద ఎండుతున్నాయి. ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు ఎస్సై మండువకు వచ్చాడు. "పిలగాడు మందు తాగి ఉన్నడా?" అని అడిగాడు.

అప్పటికే స్వరూప ఇంటి ముందు కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే చెప్తోంది, నా కొడుకు తాగలేదు, ఒట్టు తప్పలేదు అని.

"మందు ముట్టలే సార్," అన్నాడు.

అబద్ధం కాదు. నలభై ఏళ్లుగా నమ్మిన మాట ప్రకారం అక్షరాలా నిజం. ఎస్సై రాసుకుని పోయాడు. డాక్టరు పంపిన రక్తం పరీక్ష రావడానికి నెలలు పడుతుందని కానిస్టేబులు అన్నాడు. ఆ రాత్రి బాలనర్సయ్యకు అన్నం లోపలికి పోలేదు. వేళ్ల మధ్య ఇంకా తాళంచెవి ఉన్నట్టే ఉంది.

మూడోనాడు పొద్దున్నే స్వరూప తాటిచెట్ల కిందికి వచ్చింది. పిట్టకు పెట్టడానికి పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఉండాలి. కోడికూర వండింది, గారెలు చేసింది. చేతిలో ఖాళీ చెంబు ఉంది.

"జర కల్లు పొయ్యి మామా. వాడు నీ కల్లు తప్ప ఏం ముట్టకపోయె."

ఆయన చెంబు అందుకున్నాడు. ఆమే మళ్లీ అంది. "తాగి నడిపిండని ఎవడో అంటున్నడంట. తాగితే ఒట్టు తప్పినట్టు గదా? ఒట్టు తప్పితే నేను సావాలె గదా? ఇగో, బతికే ఉన్న. గింతకంటే సాచ్చెం ఏం గావాలె?" అని, రోడ్డు వైపు చూసి పళ్లు కొరికింది. "ఆ సక్రుగాన్ని పొద్దుగాల పోలీసులు పట్కపోయిండ్రు. మాపటీలికి జైలుకు పంపుతరట. అండ్లనే కుళ్లాలె వాడు."

తాజా కల్లు దించి ఇస్తానని బాలనర్సయ్య చెట్టెక్కాడు. పైకి పోయాక మోకు మీదికి వెనక్కి వాలి రోడ్డు వైపు చూశాడు. మలుపులో సక్రు పెండ్లాం భాగ్య ఒక్కతే ఉంది. రాళ్లు ఒక్కొక్కటీ మోసి కాలువలో వేస్తోంది. మధ్యలో నల్లబడిన వడ్లు దోసిళ్లతో తీసి పక్కకు పారపోస్తోంది. తొమ్మిదేళ్ల కింద తనను భుజాన మోసినవాడు స్టేషన్లో ఉన్నాడు, మందు అన్న ఒక్క మాట చాటున దాగి తాను చెట్టు మీద ఉన్నాడు. మోకు గట్టిగా పట్టుకుని, సిగ్గుతో ఏడ్చాడు.

దిగి, స్వరూప చెంబు నింపాడు. ఆమె పోయేదాకా ఆగి, ఆటో ఎక్కి స్టేషన్‌కు పోయాడు. సక్రు గోడవార కూర్చుని ఉన్నాడు, చెవికి గుడ్డ కట్టుకుని. "అన్నా, నువ్వెందుకొచ్చినవే?" అన్నాడు. బాలనర్సయ్య వాడి ముఖం చూడలేదు, తిన్నగా ఎస్సై బల్ల దగ్గరికి పోయాడు.

"పిలగాడు అయిదు సీసలు తాగిండు సార్. పులిసిన కల్లు. నేనే పోసిన. తాళం పెట్టశాతగాకపోతే బండికి నేనే పెట్టిచ్చిన."

ఎస్సై కలం కింద పెట్టాడు. "నిన్న తాగలేదంటివి?"

"మందు ముట్టలేదన్న సార్."

"సక్కగ చెప్పు ముసలోడా. కల్లు తాగితే తాగినట్టా, తాగనట్టా?"

నలభై ఏళ్లుగా ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబుంది.

"తాగినట్టే సార్," అన్నాడు.

ఆ సాయంత్రం సక్రును జైలుకు పంపలేదు, ఇంటికి పంపారు. రాళ్లు పెట్టినందుకు చిన్న కేసు మిగిలింది. రెండో రోజు ఆబ్కారీవాళ్లు వచ్చి మండువ మూయించారు. తోటి గీతకార్మికులు సంఘంలో కూర్చోబెట్టి, "నీ నోటితోటి అందరి పొట్ట గొట్టినవ్," అన్నారు. బాలనర్సయ్య తలవంచుకుని విన్నాడు. అవన్నీ ఆయన ముందే అనుకున్నవే. స్వరూప రాకడ ఒక్కటే ఆయన ఎదురుచూస్తున్నది, ఆయన భయపడుతున్నదీ.

పదకొండో రోజు దినం చేశాక ఆమె వచ్చింది. ఖాళీ పందిరి కింద ఆయన మోకు చుడుతున్నాడు. తిడుతుందనుకున్నాడు, మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాడు. కాళ్ల మీద పడదామని ముందుకు వంగాడు కూడా. ఆమె వద్దన్నట్టు రెండడుగులు వెనక్కి జరిగింది. పది రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టుంది.

"నువ్వు ఠాణాల చెప్పింది నిజమేనా మామా?"

"నిజమే బిడ్డా."

"కల్లు తాగినా తాగినట్టేనన్నవట."

ఆయన తల ఊపాడు. ఆమె తాటిచెట్ల వైపు తిరిగింది. తరవాత, అసలు అర్థం కాని లెక్క అడిగే పిల్లలాగా, మెల్లగా అడిగింది.

"అట్లయితే నా కొడుకు ఒట్టు తప్పిండు. మరి నేనెట్ల బతికున్న మామా?"